ఫ్యాక్టరీ పోయినా పొలం మిగిలింది.. మరి డిజైనర్‌కి ఏం మిగులుతుంది?

"అన్నా, ఫొటోషాప్ నేర్చుకుంటున్న. ఏఐ వచ్చినంక ఇంక దీంతోని ఫాయిదా ఉంటదా?"

ఈ మధ్య నిజామాబాద్, బోధన్ వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కాబట్టి ఏఐ జాతకం నా దగ్గర ఉంటుందని వాళ్ల నమ్మకం. అడిగేవాళ్లలో చాలామంది డిగ్రీ అయిపోయి, ఫ్లెక్సీ షాపులోనో, ఫొటో స్టూడియోలోనో, ప్రింటింగ్ ప్రెస్‌లోనో సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్లే. పెళ్లి ఆల్బమ్, బర్త్‌డే బ్యానర్, స్కూల్ అడ్మిషన్ పాంప్లెట్, లీడర్ ఫొటోల ఫ్లెక్సీ.. రోజంతా ఇదే పని.

"ఏఐ నీ ఉద్యోగం తీసుకోదు, ఏఐ వాడేవాడు తీసుకుంటాడు" అనే డైలాగ్ మీరు రీల్స్‌లో వందసార్లు వినే ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకటో తారీఖున రూమ్ రెంట్ కట్టాల్సినోడికి దానివల్ల ఒరిగేదేం లేదు. అందుకే ఈ వారం కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

ముందు చేదు మాట చెప్పేస్తా. వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2025 జనవరిలో ఉద్యోగాల భవిష్యత్తు మీద ఒక రిపోర్టు ఇచ్చింది. వేగంగా తగ్గిపోయే ఉద్యోగాల వైపు గ్రాఫిక్ డిజైనర్ పేరు అందులో కనిపించింది. అంతకుముందు రిపోర్టుల్లో ఆ పేరు అటువైపు లేదు. ఇక్కడే ఒక తమాషా ఉంది. అదే రిపోర్టులో, వేగంగా పెరిగే ఉద్యోగాల జాబితాలో యూఐ, యూఎక్స్ డిజైనర్లు ఉన్నారు. అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకి ఏది ఎక్కడ ఉండాలో, ఎలా కనిపించాలో ఆలోచించేవాళ్లు.

ఇద్దరూ డిజైనర్లే. ఒకరు కిందికి, ఒకరు పైకి. ఎందుకు?

నలభై ఏళ్లలో ఎన్ని మిషన్లు మారాయో

ఇది మొదటిసారి జరుగుతున్నది కాదు. ఒకప్పుడు మన బజార్లలో షాపు బోర్డులు, గోడల మీద ప్రకటనలు అన్నీ పెయింటర్ చేతి రాతే. చాక్‌పీసుతో గీత కొట్టి, బ్రష్‌తో అక్షరం దింపేవాళ్లు. తర్వాత డీటీపీ వచ్చింది. పేజ్‌మేకర్ మొదటి వెర్షన్ 1985లో, కోరల్‌డ్రా 1989లో, ఫొటోషాప్ 1990లో వచ్చాయి. మన దగ్గరికి చేరడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 2000 తర్వాత ఫ్లెక్సీ మిషన్లు ఊరూరికీ వచ్చాక పెయింటర్ల బ్రష్షులు మూలకు పడ్డాయి.

2013లో క్యాన్వా మొదలైంది. టెంప్లేట్ తీసుకో, పేరు మార్చుకో, డౌన్‌లోడ్ కొట్టు. దాంతో పండగ విషెస్ పోస్టరు కోసం డిజైనర్ దగ్గరికి రావడం తగ్గింది. 2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి జనం చేతికొచ్చాయి. 2023లో ఫొటోషాప్‌లోనే జెనరేటివ్ ఫిల్ వచ్చేసింది. 2025 మార్చిలో చాట్ జీపీటీతో అందరూ గిబ్లీ బొమ్మలు చేసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జెమినీతో చీర ఫొటోలు.

లెక్క చూడండి. పెయింటర్ చేతిపని ఒక తరం నడిచింది. డీటీపీ ఇరవై ఏళ్ల పైన నడిచింది. ఇప్పుడు ఆర్నెల్లకోసారి కొత్త టూల్ వస్తోంది. కోర్సు పూర్తయ్యేలోపే సిలబస్ పాతదైపోతోంది. కాబట్టి "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అని మొదలుపెడితే ఎప్పటికీ తెగదు. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. దానికి జవాబు మన బోధన్‌లోనే ఉంది.

శక్కర్‌నగర్ చెప్పే సంగతి

బోధన్‌లో శక్కర్‌నగర్ అనే పేరు చక్కెర వల్లే వచ్చిందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. మంజీర మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, ఆ నీళ్లతో చెరకు, ఆ చెరకుతో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీతో ఊరు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటుకి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. తెరిపిస్తామనే మాట ప్రతి ఎన్నికల్లో వినిపిస్తూనే ఉంటుంది.

మూతపడ్డాక ఏం జరిగిందో గమనించండి. చెరకు రైతు బాగా దెబ్బతిన్నాడు, అందులో అనుమానం లేదు. కానీ అతని దగ్గర పొలం ఉంది, కాలువ నీళ్లున్నాయి. కొందరు చెరకుని కామారెడ్డి వైపు ఫ్యాక్టరీకి తోలారు. చాలామంది వరికి, సోయాకి మారిపోయారు. ఫ్యాక్టరీ లోపల పనిచేసినవాళ్ల పరిస్థితి వేరు. ప్యాన్‌లో పాకం ఏ క్షణంలో గింజ కడుతుందో కంటితో చూసి చెప్పగలిగే మనిషికి, ఆ పనితనం వాడుకునే రెండో చోటు ఊళ్లో లేదు. జీతం బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఆ తప్పు వాళ్లది కాదు. వాళ్ల పనితనంలో లోపమూ లేదు. ఆ పనితనం మొత్తం ఒక్క మిషన్‌కి కట్టేసి ఉండటమే వాళ్ల కష్టం.

ఇప్పుడు మన డిజైనర్ దగ్గరికి వద్దాం. నీకు తెలిసినదాంట్లో ఫ్యాక్టరీ ఏది? పొలం ఏది?

ఫొటోషాప్ షార్ట్‌కట్లు, బ్యాక్‌గ్రౌండ్ కటింగ్, టెంప్లేట్లో ఫొటో మార్చడం, స్కిన్ స్మూత్ చేయడం.. ఇవన్నీ ఫ్యాక్టరీ. ఇవి మూతపడతాయి. కొన్ని ఇప్పటికే పడ్డాయి. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం ఒకప్పుడు పెన్ టూల్‌తో అరగంట పని. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క టచ్. ఆ అరగంటకి ఎవరూ డబ్బులివ్వరు.

తెలుగు అక్షరం పొలమా, ఫ్యాక్టరీయా?

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "ఏఐకి తెలుగు రాదు భయ్యా, ఒత్తులన్నీ ఖరాబ్ చేస్తది. మన పని సేఫ్."

ఎందుకు ఖరాబ్ చేస్తుందో ఇంజినీర్‌గా చెప్తా. బొమ్మ గీసే ఏఐ అక్షరాన్ని మనలా టైప్ చేయదు, అక్షరం ఆకారాన్ని బొమ్మలా గీస్తుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల ఆరు యూనికోడ్ గుర్తులు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఈ ఆరింటినీ ఏది పైన, ఏది కింద, ఏది పక్కన పెట్టాలో ఫాంట్‌లో రాసిన రూల్స్ చెప్తాయి. ఏఐ ఆ రూల్స్ పాటించదు, చూసిన బొమ్మల్ని బట్టి అంచనా వేస్తుంది. తెలుగు బొమ్మలు అది చూసింది తక్కువ. అందుకే "శుభాకాంక్షలు" అడిగితే ఇంకేదో లిపిలో ఆశీర్వదిస్తుంది.

కానీ దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు. కొత్త మోడళ్లు చిన్న చిన్న తెలుగు మాటలు సరిగ్గానే రాస్తున్నాయి. ఇవాళ్టి లోపం రేపటికి ఉండకపోవచ్చు.

అసలు ఈ దెబ్బ మనకి ఒకసారి తగిలింది కూడా. మన డీటీపీ షాపులు ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ మీద నడిచాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత లేదు. పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ టెక్స్ట్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. అయినా షాపులు వదల్లేదు. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, చేతివేళ్లకి ఆ కీబోర్డే అలవాటైంది. ఇదీ ఒక చిన్న శక్కర్‌నగరే.

మరి పొలం ఏది? అక్షరం తప్పో ఒప్పో పట్టుకునే కన్ను పొలం. పెళ్లి పత్రికలో వరుడి తాతగారి పేరు ముందు "కీ.శే." ఉండాలా వద్దా అని ఫోన్ చేసి అడిగే జాగ్రత్త పొలం. బోధన్‌లో ఒకే పోస్టరు మీద తెలుగు, ఉర్దూ, ఒక్కోసారి మరాఠీ కూడా పెట్టాల్సి వస్తుంది. సాలూర దాటితే మహారాష్ట్రే కదా. మూడు లిపుల్లో ఏది పైన ఉండాలి, ఏది ఎంత సైజులో ఉంటే ఎవరూ నొచ్చుకోరు అనేది ఏ ప్రాంప్ట్‌లోనూ దొరకదు. అది ఊళ్లో తిరిగినవాడికే తెలుస్తుంది.

185 మంది, 12 మిషన్లు

డిజైన్ అంటే అందంగా చేయడం అనుకునేవాళ్లకి నేను మన నిజామాబాద్ ఎన్నికనే ఉదాహరణగా చెప్తా. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి. నోటాతో కలిపి 186. ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు చదువురాని ఒక అవ్వ ఆ 12 మిషన్ల ముందు నిలబడిందనుకోండి. ఆమెకి తన గుర్తు ఎక్కడుందో దొరకాలి. రంగులు, గ్రేడియంట్లు ఏవీ ఆమెకి అక్కర్లేదు. గుర్తు స్పష్టంగా ఉండాలి, వరుస అర్థం కావాలి, పక్కదానితో కన్‌ఫ్యూజ్ కాకూడదు. డిజైన్ అంటే ఇదే. చూసేవాడు ఎవరు, వాడికి ఏం దొరకాలి, ఎంతసేపట్లో దొరకాలి అని ఆలోచించడం. పెరుగుతున్న ఉద్యోగాల్లో యూఎక్స్ డిజైనర్ ఎందుకున్నాడో ఇప్పుడు అర్థమైందా? అతని పని మొదలయ్యేది ఈ ప్రశ్నతోనే. బొమ్మ తర్వాత వస్తుంది.

నా పనిలో కూడా ఇది రోజూ చూస్తుంటా. యాప్‌ని ఇంగ్లిష్‌లో తయారుచేసి, చివర్లో తెలుగు పెడతాం. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల బటన్ తెలుగులో పన్నెండు అక్షరాలై బయటికి పొంగుతుంది. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్ లెక్కన ఉంటుంది కాబట్టి కింది ఒత్తులు సగానికి తెగిపోతాయి. మాలాంటి కోడ్ రాసేవాళ్లకి ఇది కనబడదు. తెలుగు అక్షరంతో రోజూ కుస్తీ పట్టిన డీటీపీ ఆపరేటర్‌కి మొదటి చూపులోనే కనబడుతుంది. ఆ చూపుకి యాప్‌ల ప్రపంచంలో పని ఉంది. ఫిగ్మా నేర్చుకోవడానికి రెండు నెలలు చాలు. ఆ చూపు రావడానికి ఏళ్లు పడుతుంది, మీలో కొందరికి అది ఆల్రెడీ ఉంది.

బాధ్యత ఎవరిది?

ఇంకో సంగతి. కస్టమర్ ఇప్పుడు షాపుకి ఏఐ బొమ్మ పట్టుకుని వస్తున్నాడు. "గిదే పది ఫీట్ల ఫ్లెక్సీ కొట్టు అన్నా" అంటాడు. ఆ బొమ్మ 1024 పిక్సెళ్ల చదరం అనుకుందాం. పది అడుగులంటే 120 అంగుళాలు. అంటే అంగుళానికి ఎనిమిదిన్నర పిక్సెళ్లు. దగ్గరికెళ్లి చూస్తే ముఖం ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. అదే బొమ్మని పుస్తకం క్వాలిటీలో, 300 డీపీఐతో ప్రింట్ చేస్తే మూడున్నర అంగుళాలు కూడా రాదు. స్క్రీన్ మీద మెరిసిన ఆకుపచ్చ, ప్రింటింగ్ ఇంకుల్లోకి వచ్చేసరికి డల్ అయిపోతుంది. ఇవన్నీ కొట్టక ముందే చెప్పగలిగినవాడు కస్టమర్‌కి డబ్బు మిగిల్చినట్టే.

చట్టాలు కూడా ఉన్నాయి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పాంప్లెట్, పోస్టర్ మీద ప్రింటర్ పేరు, అడ్రస్, పబ్లిషర్ పేరు, అడ్రస్ ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెప్తుంది. లేకపోతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా ఫైన్, లేదా రెండూ. 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ బ్యానర్ల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. ఏఐ పోస్టరు క్షణంలో గీస్తుంది, కానీ నోటీసు వస్తే దాని పేరు మీద రాదు.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ పసుపు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రైతులు, మహిళా సంఘాలు పసుపుని పొడి చేసి సొంత ప్యాకెట్లో అమ్మాలనుకుంటే లేబుల్ కావాలి. ఏఐని అడిగితే బంగారు రంగులో అదిరిపోయే ప్యాకెట్ గీస్తుంది. కానీ ఆ ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, నికర బరువు, పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారీదారు అడ్రస్, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, కంప్లయింట్ కోసం ఫోన్ నంబర్ ఉండాలి. బరువు అంకెలు ఎంత ఎత్తు ఉండాలో కూడా రూల్ ఉంది. ఇవన్నీ తెలిసి, పౌచ్ మడత ఎక్కడ వస్తుందో లెక్కేసి, బ్లీడ్ వదిలి ఫైలు ఇవ్వగల డిజైనర్ ఆర్మూర్‌లో ఒకడుంటే, హైదరాబాద్ ఏజెన్సీ దాకా ఎందుకు పోతారు?

సరే, ఇప్పుడేం చేయాలి?

షాపులో పనిచేస్తున్నవాళ్లకి నా సలహా: ఏఐని దాచిపెట్టి వాడకండి, బయటపెట్టి వాడండి. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ ఏఐతో చేయండి, అక్షరాలు మాత్రం మీరే వేయండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఫొటోషాప్‌లో ఒత్తులు పక్కకి పడిపోతుంటే ఫాంట్‌ని తిట్టకండి. పాత వెర్షన్ అయితే టెక్స్ట్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేయండి. పాత అను ఫైళ్లలో ముఖ్యమైనవాటిని మెల్లగా యూనికోడ్‌కి మార్చుకోండి. మీ పదేళ్ల పని ఒక పాత సిస్టమ్‌తో పాటే చచ్చిపోకూడదు.

ఉద్యోగం వెతుకుతున్నవాళ్లకి: పోర్ట్‌ఫోలియోలో యాభై బర్త్‌డే బ్యానర్లు వద్దు. ఐదు పనులు చాలు. ఒక్కోదాని కింద నాలుగు లైన్లు రాయండి. కస్టమర్ ఎవరు, ఏం అడిగాడు, అసలు సమస్య ఏంటి, మీరు ఏం మార్చారు, ఎందుకు మార్చారు. ఖలీల్‌వాడి ఆసుపత్రుల్లో ఏదో ఒకదాని ఓపీ చీటీనే తీసుకోండి. ఊరి నుంచి వచ్చిన పేషెంట్‌కి ఏ గదికి పోవాలో, ఏ మందు ఎప్పుడేసుకోవాలో అర్థమయ్యేలా మళ్లీ చేయండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టండి. ఎవరూ అడగకపోయినా చేయండి. ఇంటర్వ్యూలో "ఈ బొమ్మ ఏఐ చేసిందా?" అని అడిగితే నవ్వుతూ "అవును" అనొచ్చు. "ఈ అక్షరం ఇక్కడ ఎందుకుంది?" అంటే జవాబు మాత్రం మీ దగ్గర ఉండాలి.

షాపు ఓనర్లకి కూడా ఒక మాట. పనిచేసే పిల్లాడిని ఫ్లెక్సీ చదరపు అడుగుల లెక్కలోనే చూస్తే వాడూ అంతే పని చేస్తాడు. రెండు తప్పులు పట్టుకున్నందుకు, ఒక కస్టమర్‌ని నిలబెట్టినందుకు విలువ కట్టండి. మీ షాపుకీ, ఫోన్‌లోని యాప్‌కీ తేడా వాడొక్కడే.

వీటన్నిటితో అందరికీ ఉద్యోగాలు వచ్చేస్తాయని నేను చెప్పను. ముగ్గురు కూర్చునే షాపులో ఒక్కరే మిగలొచ్చు. రేట్లు తగ్గుతున్నాయి, ఇంకా తగ్గుతాయి. కొందరు ఈ పని వదిలి వేరే పని చూసుకోవాల్సి రావచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. చెరకు వదిలి వరి వేసిన రైతు వ్యవసాయం మానేసినట్టు కాదు కదా.

ఈ ఆదివారం ఒక అరగంట తీసుకుని, ఒక కాగితం మీద రెండు గీతలు కొట్టండి. ఒకవైపు సాఫ్ట్‌వేర్ తీసేస్తే మీకు రానివి రాయండి. రెండోవైపు సాఫ్ట్‌వేర్ ఏది మారినా మీతో ఉండేవి రాయండి. రెండోవైపు ఖాళీగా ఉంటే భయపడకండి, వచ్చే ఆర్నెల్లు ఏం నేర్చుకోవాలో తెలిసినట్టే. అందులో ఒకటి రాయగలిగినా, రేపు షాపుకెళ్లి మొదటి కస్టమర్ ఫైలు తెరిచేముందు ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి మొదలుపెట్టండి. "అన్నా, ఇది ఎవరు చూడాలె?"